పర్మినెంటు కాదని వదిలేసుకోవాలా?

ప్రశ్న: నేను విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అబ్బాయి మెకానికల్ బీటెక్. పరవాడలో ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల ఫిక్స్‌డ్ టర్మ్, నెలకు 18,000. అది మాన్పించి లక్షన్నర కట్టి డేటా సైన్స్ కోర్సులో చేర్పించనా? ‘నీ వయసుకి నాకు కంపెనీ క్వార్టర్ వచ్చిందిరా’ అంటే అన్నం వదిలేసి లేచిపోతున్నాడు. - ఒక తండ్రి, గాజువాక

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు సంగతి తర్వాత. మీ పక్కనే, అదే వేడిలో, అదే పని చేసే కాంట్రాక్టు కార్మికుడి చేతికి ఎంత వస్తుందో రోజూ చూస్తున్నారు. కొడుకు కూడా అలా అయిపోతాడేమోనని మీ బెంగ. నాకు అర్థమైంది.

కానీ 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత దేశమంతా నడిచిన దారే అది. పని ఉంది, మనిషిని కంపెనీ సొంత ఉద్యోగిగా రోల్స్‌లోకి తీసుకోవడం తగ్గింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా ఆ కార్మికులు వాళ్లంతట వాళ్లే పర్మినెంటు కారని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2021 జనవరిలో మీ ప్లాంటునే ప్రైవేటుకు ఇచ్చేయడానికి కేంద్రం సరేనంది. మీకు దొరికిన భద్రత అతనికి దొరక్కపోవడం అతని చేతగానితనమా? అన్నం ముందు క్వార్టర్ లెక్క చెప్పడం తప్పు. గట్టిగానే అంటున్నాను.

ఇక డేటా సైన్స్. స్టాటిస్టిక్స్ మీద మనసున్నవాళ్లకు అది మంచి విద్యే. మీ అబ్బాయికి ఉందో లేదో మీరు ఒక్క ముక్క రాయలేదు. ‘జాబ్ గ్యారంటీ’ అన్న ఇన్‌స్టిట్యూట్ల కాగితం చదివితే చాలాచోట్ల ‘సహకరిస్తాం’ అనే ఉంటుంది. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల మందిని తగ్గిస్తామంది. అప్పు చేసి అటు పంపమని నేను చెప్పలేను.

పరవాడ ఆఫర్ లెటర్ తీయండి. పైన కంపెనీ పేరుందా, మధ్యలో మ్యాన్‌పవర్ కాంట్రాక్టరు పేరుందా? అసలు తేడా అక్కడుంది. కంపెనీయే ఇచ్చిన ఫిక్స్‌డ్ టర్మ్ అయితే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌ల ప్రకారం ఏడాది పనిచేసినా ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయో చూడండి. ఉంటే చేరనివ్వండి. పంపులు, కంప్రెసర్ల మీద రెండేళ్లు చెయ్యి తిరిగినవాడికి ఆ చుట్టుపక్కల పని దొరుకుతుంది, భయపడకండి.

కాంట్రాక్టరు పేరుంటే మాత్రం చేరేముందు నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అతన్నే రాయమనండి.