డాక్టర్ సలహా: ఇంటర్ చదివే అమ్మాయి ఎప్పుడు చూసినా నిద్రే.. బలానికి టానిక్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కాలేజీ హాస్టల్లో ఉంటుంది. పదో తరగతి దాకా ఎవరూ చెప్పకుండానే చదువుకునేది. దసరా సెలవులకు ఇంటికొచ్చి నాలుగు రోజులూ పడుకునే ఉంది. తలనొప్పి అంటుంది, అన్నం సయించదు. పుస్తకం తెరిచి గంటసేపు అదే పేజీ చూస్తూ కూర్చుంటుంది. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని సెక్షన్ కూడా మార్చారట. రెండు నెలలుగా ఇదే వరస. గట్టిగా మందలిస్తే ‘నేను లేకపోతే మీకు ఫీజైనా మిగులుతుంది’ అంది. ఇది బద్ధకమా, ఫోన్ వల్లా? బలానికి టానిక్, జ్ఞాపకశక్తికి మాత్రలు ఏమైనా చెప్పగలరా?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫీజు మాట గురించి మాట్లాడాలి. కోపంలో అన్నదే కావచ్చు. అయినా అలా అనుకుని వదిలేయకండి. వీలైతే రేపే హాస్టల్‌కి వెళ్లండి. అవుటింగ్ పర్మిషన్ తీసుకుని పాపను బయటికి తీసుకెళ్లండి. ఏదైనా తినిపించి, ఇద్దరే ఉన్నప్పుడు నేరుగా అడగండి: ‘ఆ రోజు అలా అన్నావు కదా తల్లీ, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ఇలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లులు భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు ఒకరున్నారని పిల్లలకు గుండె బరువు దిగుతుంది. ‘అనిపించింది’ అంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. అటునుంచి అటే ఇంటికి తెచ్చుకోండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి. రాత్రి పూట ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

‘అలాంటిదేం లేదమ్మా, విసుగొచ్చి అన్నాను’ అంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పుడు మిగతా విషయాలు చూద్దాం.

ఇది బద్ధకం కాదు. బద్ధకస్తురాలైతే పది దాకా ఎవరూ చెప్పకుండా ఎందుకు చదువుతుంది? ఫోన్ వల్లా కాకపోవచ్చు. హాస్టళ్లలో ఫోన్ దాదాపు ఎక్కడా ఉండనివ్వరు కదా. అసలు మీ పాప ఎన్ని గంటలు పడుకుంటోందో లెక్క వేశారా? నా ఓపీకి వచ్చే హాస్టల్ పిల్లలు చెప్పేది వినండి. ఐదింటికి బెల్, బాత్రూమ్ దగ్గర లైను, టిఫిన్‌కి టైం చాలక సగం రోజులు ఖాళీ కడుపుతోనే క్లాసు, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పదకొండింటికి పడక. అంటే ఆరు గంటల నిద్ర. ఈ వయసుకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. తక్కువలో తక్కువ వేసుకున్నా రోజుకు రెండు గంటలు, వారానికి 14 గంటలు బాకీ పడుతోంది. దసరాకు మీ ఇంట్లో పడుకున్నది ఆ బాకీలో వడ్డీ మాత్రమే.

‘తొందరగా పడుకోవచ్చుగా’ అంటారు. ఈడొచ్చాక నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి కాస్త ఆలస్యంగా ఊరుతుంది. పది దాటితే తప్ప నిద్ర పట్టకపోవడం ఆ వయసు లక్షణం. తెల్లవారుజామున లేపడం మాత్రం మన అలవాటు. ఈ రెంటి మధ్యా పిల్ల నలిగిపోతోంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. అందుకే మీ పాప గంటసేపు చూసినా ఆ పేజీ తలకెక్కడం లేదు.

ఇప్పుడు అందరూ బర్న్ అవుట్ అంటున్నది దీన్నే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగ ఒత్తిడికి సంబంధించిన పరిస్థితిగా లెక్కగట్టింది. ఒంట్లో సత్తువ అంతా పోవడం, చేసే పని మీద విరక్తి, ఎంత చేసినా చేతకావడం లేదనిపించడం దీని గుర్తులు. విద్యార్థులకు ఈ పేరు వాడకూడదని కొందరు వాదిస్తారు గానీ, ఇంటర్ పిల్లల డ్యూటీ టైం ముందు నా డ్యూటీ నయం. సెక్షన్ మార్చడం అన్నది మనకు చిన్న విషయం. ఆ పిల్లకు మాత్రం స్నేహితులంతా చూస్తుండగా కిందికి దించినట్టే.

ఇది డిప్రెషనా అనే అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో మీ పాప ఒక్కసారైనా నవ్విందా? ఇష్టమైన కూర చేస్తే తిందా? తమ్ముడితోనో, ఫ్రెండ్‌తోనో కాసేపు కబుర్లు చెప్పిందా? అలసిపోయిన పిల్లలు చదువు పక్కన పెడితే సాధారణంగా కాస్త తేరుకుంటారు. చదువుతో సంబంధం లేనివి కూడా రుచించకుండా, రెండు వారాలకు మించి దిగులుగానే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందేమోనని ఆగిపోకండి. ఆ మాట నేను వారానికి రెండుసార్లు వింటాను.

ఈలోపు రక్తపరీక్షలు చేయించండి. సీబీపీ, ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బీ12 చాలు. తలనొప్పి ఉంది కాబట్టి కళ్లు కూడా చూపించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గకూడదు. అది బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గి నీరసం రావచ్చు, ఫెరిటిన్ అడిగింది అందుకే. నెలసరి గురించి కూడా అడగండి. ఏడు రోజులకు మించి అవుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా ఎక్కువ అవుతున్నట్టే. హాస్టల్లో ఉన్న పిల్లలు ఈ సంగతి ఇంట్లో చెప్పరు.

ఐరన్ మాత్రలు రాస్తే నిమ్మరసంతో వేసుకోమనండి. టీ, కాఫీ, పాలతో వద్దు. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది మాత్రల రంగే. హిమోగ్లోబిన్ పెరిగింది కదా అని ఆపేయకుండా డాక్టర్ చెప్పినంత కాలం వాడాలి.

ఇక అసలు మందు. పది రోజులు ఇంట్లో ఉంచుకోండి. మెడికల్ సర్టిఫికెట్ మీ డాక్టర్ ఇస్తారు. మొదటి నాలుగైదు రోజులు పుస్తకం ఊసే ఎత్తొద్దు. నిద్రపోనివ్వండి. తర్వాత రోజుకు రెండు మూడు గంటలు, తనకు నచ్చిన సబ్జెక్టుతో మొదలుపెట్టనివ్వండి. సాయంత్రం కాసేపు నడక. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. అందులోని కెఫీన్ సగం విరగడానికే ఐదు గంటలు పడుతుంది. ‘పది రోజులు పోతే సిలబస్ ఏమవుతుంది డాక్టర్’ అంటారని తెలుసు. గంటకు ఒక్క పేజీ కూడా ఎక్కని పిల్లకు ఆ పది రోజుల్లో పోయే సిలబస్ ఏముంది? జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, వరుసగా మూడేళ్లు రాయొచ్చు. ఇంటర్‌కి సప్లిమెంటరీ ఉంది. ఈ మాటలు పాపకు మీ నోట, వీలైతే వాళ్ల నాన్న నోట వినిపించాలి.

తిరిగి పంపేటప్పుడు ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. రాత్రి పదింటికి పడుకోనివ్వాలి, తెల్లవారుజాము స్టడీ అవర్ మినహాయించాలి అని డాక్టర్ చీటీతో సహా అడగండి. కుదరదంటే డే స్కాలర్‌గా మార్చండి. అదీ కుదరదంటే ఆ కాలేజీలోనే చదవాలా అన్నది ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి, పాపను కూడా కూర్చోబెట్టుకుని.

జ్ఞాపకశక్తికి మాత్రలంటూ షాపుల్లో అమ్మేవి మార్కులు పెంచవు. లోపం ఉంటే ఆ లోపానికే మందు వాడాలి. రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. అప్పటిదాకా టానిక్ కొనకండి.