కాలేజీలు చూడ్డానికి వెళ్తున్న చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

ఈఏపీసెట్‌లో నీకు మంచి ర్యాంకు వచ్చిందని తెలిసి సంతోషించాను. ఆప్షన్లు పెట్టేముందు కాలేజీలు నా కళ్లతో చూసొస్తానని నువ్వు పట్టుబట్టావని మీ అమ్మ చెప్పాక ఇంకా ఎక్కువ సంతోషించాను. మన ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఆ పని చేయలేదు. కానీ నాన్నకు సెలవు దొరకలేదనీ, నువ్వూ నీ స్నేహితురాలూ ఇద్దరే ఖమ్మంలో బస్సెక్కుతున్నారనీ వినేసరికి గుండెల్లో రాయి పడింది. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఆదివారం వెళ్లకు, సెలవు రోజు అసలే వెళ్లకు. ముందు రోజు ఆఫీసుకి ఫోన్ చేసి క్లాసులు జరుగుతున్నాయో లేదో కనుక్కో. ఎల్‌బీ నగర్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో నేరుగా జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్ దాకా వెళ్తుంది, ఆటోవాళ్లతో బేరాలు అక్కర్లేదు. ఏదన్నా తిని బయల్దేరు.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగమంతా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనే గడిచింది. నేను చూసినంతలో కాలేజీ ఎలాంటిదో గేటు చెప్పదు, బ్రోచర్ చెప్పదు, ల్యాబ్ చెబుతుంది. నువ్వు ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ బ్రాంచి అంటున్నావు కదా. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి తీసుకెళ్లినప్పుడు సీఆర్ఓలు (కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతలా చూపించే పరికరాలు) ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం కాదు, వాటి ప్రోబులు చేతిలోకి తీసుకుని చూడు. పిల్లలు రోజూ వాడే ప్రోబుకి కొన దగ్గర క్లిప్పు వదులై ఉంటుంది, తీగ మెడ దగ్గర నల్ల టేపు చుట్టి ఉంటుంది. ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటే కొత్త సామాను అని మురిసిపోకు, ఎవరూ ముట్టుకోలేదని అర్థం చేసుకో. మల్టీమీటర్ ఒకసారి ఆన్ చేసి చూపించమను, బ్యాటరీ ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. సోల్డరింగ్ చేసే బల్ల మీద కాలిన మచ్చలు ఉండాలి. పక్కనే మెకానికల్ వర్క్‌షాప్ ఉంటే అందులోకీ తొంగిచూడు, మొదటి ఏడాది ఏ బ్రాంచి వాళ్లయినా వర్క్‌షాప్ చేయాల్సిందే. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషను కింద ట్రేలో ఇనుప రజను ఉందా, లేక దుమ్ము పట్టిన గ్రీజు గట్టిపడి ఉందా?

తర్వాత ల్యాబ్ అసిస్టెంటు దగ్గరికి వెళ్లు. ఆయన్ని ఎవరూ పలకరించరు. నువ్వు మర్యాదగా పలకరిస్తే ప్రిన్సిపాల్ గదిలో దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది. "ఒక్కో సీఆర్ఓ దగ్గర ఎంతమంది నిలబడతారన్నా?" అని అడుగు. ఇద్దరో ముగ్గురో అంటే మంచిదే. ఆరుగురంటే అందులో ఒకళ్లు చేస్తారు, మిగతావాళ్లు రీడింగులు ఎత్తి రాసుకుంటారు.

ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది, జేఎన్‌టీయూ అనే యూనివర్సిటీ 1972లో వచ్చింది. ఇలాంటి పాత కాలేజీలు చూశాక ఘట్‌కేసర్ వైపో బాచుపల్లి వైపో అద్దాల మేడలున్న ప్రైవేటు కాలేజీకి వెళ్తే కళ్లు చెదురుతాయి. చెదరనీ, తప్పు లేదు. ప్రైవేటులోనూ బాగా చెప్పేవి ఉన్నాయి. అన్నిచోట్లా అవే ప్రశ్నలు అడుగు, అన్నిచోట్లా అవే వస్తువులు చూడు, ఆ రోజు రాత్రే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. లేకపోతే మూడో రోజుకి ఏ ల్యాబ్ ఏ కాలేజీదో గుర్తుండదు.

పోస్టర్ల మీద రాసేవాటిలో తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ ఇచ్చే గుర్తింపు మొత్తం కాలేజీకి. టెక్నికల్ కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచికి ఇస్తారు, అదీ మూడేళ్లకో ఆరేళ్లకో. "మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది" అంటే "ఈసీఈకి ఉందా, ఎప్పటిదాకా ఉంది?" అని అడుగు. కొత్తగా పెట్టిన బ్రాంచిలో కొన్ని బ్యాచ్‌లు బయటికి రాకుండా అది రాదు కాబట్టి లేదన్నంత మాత్రాన కొట్టిపారేయకు. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. 2024 నుంచి ఒక్కో బ్రాంచిలో సీట్ల మీద ఉన్న పైపరిమితి ఏఐసీటీఈ తీసేసింది కాబట్టి నీ బ్రాంచికి ఎన్ని సెక్షన్లున్నాయో తప్పకుండా అడుగు. క్యాంటీన్‌లో మూడో సంవత్సరం అక్కలు దొరికితే, సెమిస్టర్ మధ్యలో ఎన్ని సబ్జెక్టులకు పాఠం చెప్పే సార్లు మారారో కనుక్కో. ఒక్క ప్రశ్న అడగడానికే వీలుంటే అదే అడుగు.

ప్లేస్‌మెంట్ల బోర్డు మీద ఫొటోతో సహా పెట్టిన పెద్ద ప్యాకేజీ ఒక్క పిల్లాడిది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి పంపిన వివరాలు కాలేజీ వెబ్‌సైట్‌లో పెడతారు. ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం (అందరి జీతాలూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత అన్నవి ఏడాదివారీగా అందులో ఉంటాయి. బస్సులో కూర్చుని ఫోన్‌లో అవి చూసుకో. బోర్డు దగ్గర ఎక్కువసేపు నిలబడకు.

ఇప్పుడు మీ మామయ్య సంగతి చెప్పాలి. వాడు నీతో ఎప్పుడూ చెప్పి ఉండడు.

అది 2004. అప్పట్లో వెబ్ ఆప్షన్లు లేవు, కౌన్సెలింగ్‌కి మనిషే వెళ్లి మిగిలిన సీట్లలోంచి అక్కడికక్కడ ఎంచుకోవాలి. వాడికి వచ్చిన ర్యాంకు మరీ గొప్పది కాదు, మరీ పోగొట్టుకోవాల్సిందీ కాదు. ఈలోగా ఊళ్లో ఎవరో చెబితే తాతయ్య వాణ్ణి తీసుకుని ఒక ఆదివారం హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీకి వెళ్లారు. ఎండన పడి వచ్చారని చల్లటి మజ్జిగ ఇచ్చారు. కంప్యూటర్ ల్యాబ్ చూపించారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పించారు, లోపల ఏసీ, వరుసగా మానిటర్లు, ఒక్కోదానికి గుడ్డ తొడుగు. తాతయ్య జీవితమంతా పొలంలో నిలబడ్డ మనిషి. ఆ చల్లటి గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడేసరికి ఆయనకు గుళ్లో నిలబడ్డట్టే అనిపించిందట. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీటు వస్తుందో రాదో అన్న టెన్షన్ ఒకటి. రెండ్రోజుల్లో మెకానికల్‌లో కాలేజీవాళ్లే సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటు నిండిపోతుందని వాళ్లు భయపెట్టింది ఇంకొకటి. అక్కడే డబ్బు కట్టారు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్స్ ఒక ఫైల్లో పెట్టి ఇచ్చేశారు.

కౌన్సెలింగ్ మొదలయ్యాక చూస్తే వాడి ర్యాంకు కంటే వెనక ర్యాంకుకి ఒక యూనివర్సిటీ కాలేజీలో సీటు వచ్చింది. ఫైలు కోసం పరుగెత్తారు. నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. తాతయ్య ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆయన అంత మౌనంగా అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు.

సరే, చదివించారు. చెప్పులు విప్పించిన ఆ గదికి తాళం ఎప్పుడో గానీ తీసేవారు కాదట. మెకానికల్ వర్క్‌షాప్‌లో రెండు లేత్‌లు ఉండేవి, ఒకదానికి మోటారు లేదు. ల్యాబ్ రికార్డులన్నీ సీనియర్ల దగ్గర తెచ్చి కాపీ కొట్టడమే. మీ మామయ్య ఫస్ట్ క్లాసులో పాసై ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. మొదటి వారంలోనే ఫోర్‌మన్ ఒక షాఫ్ట్ ఇచ్చి, వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి కొలత చెప్పమన్నాడు. మెయిన్ స్కేలు చదివాడు గానీ, వెర్నియర్ స్కేలు మీద ఏ గీత ఏ గీతతో కలిసిందో వాడికి తెలియలేదు. పక్కన ఐటీఐ కుర్రాడు తీసుకుని చెప్పేశాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. తర్వాత సెలవుల్లో నా దగ్గరికి వచ్చి ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్క పరికరం పట్టుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ నాలుగేళ్లు చదివి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి రావడం నీకు జరగకూడదు.

అందుకే తల్లీ, ఈ ప్రయాణంలో ఒరిజినల్స్ నీ బ్యాగులో ఉండకూడదు. బీరువాలో పెట్టి మీ అమ్మ తాళం వేయాలి. ర్యాంకు కార్డు జిరాక్స్ ఒకటి చాలు. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగిచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ ఇప్పుడు స్పష్టంగానే చెబుతున్నాయి. అయినా "చూసి ఇస్తాం" అని ఎవరన్నా అడుగుతారు. లేవని చెప్పు. ఈ రోజే సీటు బుక్ చేసుకుంటే తగ్గింపు అని ఎవరన్నా అంటే, దండం పెట్టి లేచి వచ్చెయ్. నీ ర్యాంకు కన్వీనర్ కోటాకి పనికొచ్చే ర్యాంకు. ప్రైవేటు కాలేజీల్లో కూడా సీట్లలో 70 శాతం ఆ కోటావే, వాటికి ఫీజు కమిటీ ఖరారు చేసిన ఫీజే కట్టాలి. బస్సు, హాస్టల్ ఖర్చు ఎంతో విడిగా కాగితం మీద రాయించుకో.

కాలేజీ బస్సు గంటన్నర ప్రయాణమైతే నేను ఒప్పుకోను. హాజరు 75 శాతం ఉండాలి, 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు, అంటే పరీక్షలు రాయనివ్వరు. రోజుకు మూడు గంటలు బస్సులో కూర్చునే పిల్లకు ఒంట్లో బాగాలేని రోజులు ఎక్కువే వస్తాయి. హాస్టల్ చూసేటప్పుడు గది ఒక్కటే చూసి రావద్దు, స్నానాల గదుల తలుపులకు గడియలు సరిగ్గా పడుతున్నాయా, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటుందా అని చూడు. నాకు ఇలాంటి భయాలే ఎక్కువ, విసుక్కోకుండా చూసిరా.

అందరూ సీఎస్ఈ అంటుంటే నువ్వు ఈసీఈ అన్నావని మీ నాన్న కంగారుపడుతున్నాడు. చిన్నప్పుడు పాడైపోయిన రేడియో విప్పి, స్క్రూలన్నీ నా కొంగులో మూటగట్టిన పిల్లవి నువ్వు. నాన్నతో నేను మాట్లాడతాను.

తిరిగొచ్చాక నీ నోట్‌బుక్ ఫొటోలు నాకు పంపు. కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో నీ కేటగిరీలో, అమ్మాయిల కాలమ్‌లో చూసి ఇద్దరం కలిసి వరుస వేద్దాం. నచ్చిన కాలేజీ రాదేమో అని కిందికి నెట్టకు, నచ్చిన వరుసలోనే పెట్టాలి. చీకటి పడకముందే తిరుగు బస్సెక్కు, సీట్లో కూర్చోగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ