మీరు అడిగారు: కాండీలోనూ బైలకుప్పెలోనూ ఉన్నది ఒకటే బౌద్ధమా?

ప్రశ్న: మొన్న సెలవుల్లో కూర్గ్ వెళ్తూ బైలకుప్పె గోల్డెన్ టెంపుల్‌లో ఆగాం. గోడల మీద కోరల దేవతలు, లోపల పెద్ద పెద్ద డప్పులు. అంతకుముందు శ్రీలంక టూర్‌లో కాండీలో చూస్తే తెల్లబట్టల్లో భక్తులు, చేతుల్లో పూలు. రెండూ ఒకే మతమా? మేం స్కూల్లో హీనయానం, మహాయానం అని రెండే చదువుకున్నాం.
(ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ఒకే మతమేనండీ. నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం, అనిత్యం, అనాత్మ, త్రిశరణాలు... వీటి దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా గమ్యం ఏమిటి, ఏ గ్రంథం ప్రమాణం అన్న దగ్గరే.

కాండీలో మీరు చూసింది థేరవాదం. మయన్మార్, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్‌లలో ఉన్నదీ ఇదే. పాళీ త్రిపిటకమే వీళ్లకు ప్రమాణం, తృష్ణ తెంచుకుని ఇక పుట్టుక లేకుండా పోయిన అర్హతుడు ఆదర్శం. చైనా, కొరియా, జపాన్, వియత్నాంలలో పాతుకున్న మహాయానం మాత్రం అందరినీ బోధిసత్వ మార్గం పట్టమంటుంది, అంటే సకల జీవుల కోసం బుద్ధత్వమే సాధించాలని. బోధిసత్వుడు థేరవాదులకు తెలియనివాడేం కాదు, జాతక కథలన్నీ ఆయనవేగా! కాకపోతే ఆ దారి ఏ ఒక్కరికో సాధ్యమని వీళ్ల లెక్క. ప్రజ్ఞాపారమిత, సద్ధర్మపుండరీకం లాంటి మహాయాన సూత్రాలను బుద్ధుడి మాటలుగా వీళ్లు ఒప్పుకోరు.

బైలకుప్పెలోని టిబెటన్లది మీ స్కూలు పుస్తకం వదిలేసిన మూడోది, వజ్రయానం. దీని తత్వం మహాయానమే, దేనికీ తనంతట తానుగా ఉనికి లేదనే మన నాగార్జునుడి శూన్యవాదమే దానికి పునాది. దాని మీద మంత్రం, మండలం (ధ్యానానికి వాడే చిత్రం), గురువు ఇచ్చే దీక్ష చేరాయి. గుడిలో మధ్యన బుద్ధుడు, ఓ పక్క దీర్ఘాయువుకు ప్రతీక అయిన అమితాయువు అనే బుద్ధుడు, ఇంకో పక్క 8వ శతాబ్దంలో టిబెట్‌కు ఈ మార్గాన్ని తీసుకెళ్లిన పద్మసంభవుడు. నరసింహస్వామికి దండం పెట్టుకునే మనం ఆ కోరలు చూసి కంగారు పడక్కర్లేదు, అవి కరుణ ఉగ్రరూపం దాల్చినవే. అన్నట్టు, హీనయానం అన్నది అవతలి పక్షం పెట్టిన పేరు, శ్రీలంక భిక్షువు ముందు అనకండి.

అసలు విశేషం భిక్షువుల నియమాల్లో ఉంది. థేరవాద భిక్షువుకు 227, చైనాలో 250, టిబెట్‌లో 253. చైనా వాళ్లది ధర్మగుప్తక శాఖ వినయం (అంటే భిక్షువుల నియమావళి), టిబెట్ వాళ్లది మూలసర్వాస్తివాద వినయం, రెండూ మహాయానం కంటే పాత శాఖలవే! అందుకే ఒకప్పుడు మన దేశంలో రెండు పక్షాల వాళ్లూ ఒకే ఆరామంలో ఉండగలిగారు. 7వ శతాబ్దంలో అమరావతి దగ్గరి ధాన్యకటకానికి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలు ఉండిపోయి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే పాత శాఖ వాళ్ల అభిధర్మం (తత్వ విశ్లేషణ గ్రంథాలు) చదువుకున్నాడు, వాళ్లకు తను మహాయాన శాస్త్రాలు చెప్పాడు. గొడవలు లేవని కాదు, కానీ మన పాఠాల్లో చీలిక గురించే రాసి ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించి రాయకపోవడం అన్యాయం.

ప్రశ్న: అహింస అంటారు కదా, భిక్షువులు మాంసం ఎలా తింటారు?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అందరూ తినరు. థేరవాద భిక్షువు మామూలుగా భిక్షలో పడింది తింటాడు. తన కోసమే చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానం కూడా లేకపోతే మాంసమైనా సరే. కాకపోతే మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టడు. చైనా భిక్షువులు పక్కా శాకాహారులు, 6వ శతాబ్దంలో లియాంగ్ వంశపు వూ చక్రవర్తి దీనికి గట్టిగా పట్టుబట్టాడు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. టిబెట్‌లో ఆ చలికి, ఆ ఎత్తుకి కూరగాయలు పండేదే తక్కువ, అక్కడ మాంసం మామూలే. ఇక జపాన్‌లో 1872లో ప్రభుత్వమే మాంసానికీ, పెళ్లికీ అనుమతి ఇచ్చేసింది, ఇప్పుడు అక్కడ చాలామంది పూజారులు సంసారులే.

ప్రశ్న: మా షోకేసులో ఉన్న లాఫింగ్ బుద్ధ ఏ శాఖ బుద్ధుడు?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: అసలు గౌతముడే కాదమ్మా. ఆయన పేరు బుదాయ్, భుజాన గుడ్డసంచి వేసుకుని తిరిగిన 10వ శతాబ్దపు చైనా సన్యాసి. రాబోయే బుద్ధుడు మైత్రేయుడి అవతారమని అక్కడి వాళ్ల నమ్మకం. కొనకూడదు, ఎవరైనా కానుకగా ఇస్తేనే కలిసొస్తుంది అనే మాట మాత్రం ఏ పిటకంలోనూ లేదు.