లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బంలో డ్రమ్స్ అంత పెద్దగా ఎలా వినిపిస్తాయి? ఆ సౌండ్ కోసం ఏ మైక్ కొనాలి?

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బంలోని 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాట మొదట్లో వచ్చే డ్రమ్స్ లాంటి సౌండ్ కావాలన్నారు. డ్రమ్స్‌కి దగ్గరగా మైకులు పెట్టి రికార్డు చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత రివర్బ్ (గది మోతని అనుకరించే ఎఫెక్ట్) కలిపినా అవి దూరంగా జరిగినట్టు ఉంటున్నాయే తప్ప పెద్దవి కావట్లేదని కూడా రాశారు. ఏ మైక్ కొంటే పని జరుగుతుందన్నది మీ ప్రశ్న. నేను చాలా ఏళ్లుగా బ్యాండ్లని రికార్డు చేస్తున్నాను. డ్రమ్స్ రికార్డింగ్ గురించి నాకు తెలిసినదాంట్లో సగానికి పైగా ఈ ఒక్క పాట వెంట పడే నేర్చుకున్నాను. అందుకని సూటిగా చెప్తాను: మైక్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు గది, తర్వాత డ్రమ్స్‌కీ మైక్‌కీ మధ్య ఎడం, ఆ తర్వాత వాయించే మనిషి చెయ్యి.

అసలు వాళ్లు ఏం చేశారో చూద్దాం. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అని మూడంతస్తుల పాత భవనం ఉంది. 1795లో పేదల కోసం కట్టారు. 1970 చివర్లో, 1971 మొదట్లో లెడ్ జెపెలిన్ అక్కడ మకాం పెట్టి, రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కుని బయట నిలబెట్టుకుని చాలా పాటలు రికార్డు చేసింది. ఇంజనీర్ ఆండీ జాన్స్. డ్రమ్స్‌ని గదిలో కాకుండా ఇంటి మధ్య హాల్లో, మెట్ల కింద పెట్టారు. రెండు బేయర్‌డైనమిక్ ఎం160 రిబ్బన్ మైకుల్ని (పల్చని లోహపు పట్టీతో శబ్దాన్ని పట్టేవి) మెట్ల పైనుంచి కిందకి చూసేలా వేలాడదీశారు. అంతే. కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్‌కి విడిగా మైక్ లేదు. ఆ రెండు మైకుల సిగ్నల్‌ని హీలియోస్ ఎఫ్760 లిమిటర్లతో (శబ్దం హద్దు దాటకుండా అణిచే పరికరాలు) గట్టిగా నొక్కి, గిటారిస్ట్ జిమ్మీ పేజ్ దగ్గరున్న బిన్సన్ ఎకోరెక్‌తో కొంచెం ఎకో కలిపారు. ఎకోరెక్ ఇటలీలో తయారైన యంత్రం. మామూలు ఎకో యంత్రాల్లో టేప్ ఉండే చోట దీంట్లో తిరిగే అయస్కాంత డ్రమ్ ఉంటుంది. పైగా పాట మొత్తాన్నీ టేప్ వేగం తగ్గించి కాస్త నెమ్మది చేశారు. వేగం సుమారు 6 శాతం తగ్గితే శ్రుతి ఒక అర్ధస్వరం కిందకి దిగుతుంది, డ్రమ్స్ బరువెక్కుతాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇది చేసి చూడాలంటే శ్రుతి మారకుండా వేగం తగ్గించే ఆప్షన్ వాడకండి, రెండూ కలిసి దిగాలి.

ఇప్పుడు మీ రివర్బ్ ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్తాను. మైక్ డ్రమ్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఉన్నప్పుడు దానికి వినిపించేది ఆ చర్మం మీద ఒక్క చోటు. డ్రమ్ ఒళ్లంతా మోగే మోత దానికి అందదు. దాని మీద ఎంత రివర్బ్ వేసినా, చిన్న శబ్దాన్ని పెద్ద గదిలో పెట్టినట్టే అవుతుంది. దూరం నుంచి తీసుకున్నప్పుడు కిట్ మొత్తం కలిసి ఒకే వాయిద్యంలా చేరుతుంది. నేరుగా వచ్చే శబ్దం ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ గది తిప్పికొట్టే శబ్దం అంతగా తగ్గదు. కాబట్టి మైక్‌ని వెనక్కి జరిపేకొద్దీ గది వాటా పెరుగుతూ పోతుంది. ఏ పాళ్లలో కలపాలన్నది మీరు ప్లగిన్‌లో కాదు, మైక్ స్టాండ్‌తో నిర్ణయిస్తున్నారన్నమాట.

మేము ఒక రాక్ బ్యాండ్ ఆల్బం చేస్తున్నప్పుడు సిమెంటు గోడలున్న మూడంతస్తుల మెట్ల దారి వాడుకునే అవకాశం వచ్చింది. డ్రమ్స్‌ని కింద పెట్టించి, మైక్ తియ్యకముందే నేను మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఆగి విన్నాను. ఒక చెవి మూసుకుని వినాలి. రెండు చెవులతో వింటే మెదడు గది శబ్దాన్ని చాలావరకు వడకట్టేస్తుంది, మైక్‌కి ఆ సౌకర్యం లేదు. మొదటి మలుపు దగ్గర స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) చెంప మీద కొట్టినట్టుంది, బేస్ డ్రమ్ ఎక్కడో ఉంది. అన్నిటికన్నా పైన నిలబడితే ఏ దెబ్బ ఎప్పుడు పడిందో తెలియనంత కలగాపులగం. ఆ రెండిటికీ మధ్య, రెండో మలుపుకి కొద్దిగా కింద ఒక చోట బేస్ డ్రమ్ ఒక్కసారిగా నిండుగా లేచింది. కొన్ని మెట్లు అటూ ఇటూ అయితే ఆ నిండుదనం పోతోంది. గోడల మధ్య తక్కువ పౌనఃపున్యాలు ఒక్కో చోట కూడుకుంటాయి, ఒక్కో చోట కొట్టుకుపోతాయి, అదీ కారణం. మైకుల్ని సరిగ్గా అక్కడే వేలాడదీశాం.

ఆ తర్వాత అసలు పని డ్రమ్మర్‌తో. దూరపు మైక్‌లో ఒకసారి కలిసిపోయినవాటిని తర్వాత విడదియ్యలేం. హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్, అంటే తాళాలు) ఎక్కువైతే తగ్గించడానికి విడిగా ట్రాక్ ఉండదు. మా డ్రమ్మర్ మంచి వాయిద్యగాడు, స్టేజీ మీద కుడిచెయ్యి బలంగా పడే అలవాటు. మెట్ల మీద అతని సింబల్స్ పాటని కమ్మేస్తున్నాయి. హ్యాట్‌ని బాగా తేలిగ్గా, స్నేర్‌నీ బేస్ డ్రమ్‌నీ బలంగా వాయించమని అడిగాను. కొంతసేపు చెయ్యి మొరాయించింది. రికార్డు చేసింది వినిపించాక అతనే నవ్వి, హ్యాట్ మీద కర్రని కొన నుంచి కాకుండా పక్కగా ఆనించి వాయించడం మొదలుపెట్టాడు. బేస్ డ్రమ్‌లో దిండు తీసేసి, ముందు వైపు రంధ్రం లేని చర్మం (హెడ్) బిగించి, శ్రుతి కొంచెం పెంచాం. దగ్గర నుంచి వింటే అదేదో బంతి ఎగిరినట్టు మోగుతోంది, పైనుంచి వింటే గుండెల మీద పడుతోంది. లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హమ్ తన 26 అంగుళాల లుడ్విగ్ బేస్ డ్రమ్‌ని పెద్దగా అణచకుండా మోగనిచ్చేవాడు. చేతిలోనే మిక్సింగ్ జరిగిపోయే వాయింపు ఆయనది. ఆ పాటలో రెండు మైకులు చాలాయంటే సగం కారణం ఆయనే. ఈ మాట ఎవరూ తగినంత గట్టిగా చెప్పరని నాకు అనిపిస్తుంది.

పాట వేగం కూడా చూసుకోండి. 'లెవీ బ్రేక్స్' నిమిషానికి 70 బీట్ల చుట్టుపక్కల నడుస్తుంది. అంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య దాదాపు 0.85 సెకను. గది మోగి తగ్గడానికి చోటుంది. అదే హాల్లో 140 వేగంతో పాట వాయిస్తే ఒక దెబ్బ తోక మీద ఇంకో దెబ్బ పడి అంతా బురదవుతుంది. మా ఆల్బంలో కూడా నెమ్మది పాటలే మెట్ల దగ్గర చేశాం, వేగమైనవి మామూలు గదిలో చేశాం.

ఇక లిమిటర్. దూరపు మైకుల మీద దాన్ని గట్టిగా పెట్టాలి, మొహమాటం వద్దు. దెబ్బ పడగానే అది ఆ మొదటి తాకిడిని నొక్కేస్తుంది, వదిలేసినప్పుడు గది శబ్దం పైకి ఉబుకుతుంది. ఆ ఉబుకు పాటతో కలిసి ఊపిరి తీసుకున్నట్టు ఉండాలి. రిలీజ్ సమయాన్ని (నొక్కడం వదలడానికి పట్టే సమయం) తిప్పుతూ, తర్వాతి స్నేర్ పడేలోపు లిమిటర్ సూది వెనక్కి వచ్చేటట్టు చూసుకోండి. మరీ త్వరగా వచ్చేస్తే సింబల్స్ ఈలవేస్తాయి. మరీ ఆలస్యమైతే గది అసలు లేవనే లేవదు.

ఈ ఆల్బంలో నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం ఇంకొకటి. డ్రమ్స్‌కి మైకుల్ని అంత దూరం తీసుకెళ్లిన మనుషులే 'బ్లాక్ డాగ్' పాట గిటార్లకి సరిగ్గా ఎదురు పని చేశారు. అసలు యాంప్లిఫైయరూ లేదు, మైకూ లేదు. పేజ్ తన లెస్ పాల్‌ని డైరెక్ట్ బాక్సు (గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే డబ్బా) ద్వారా మిక్సర్‌లోని మైక్ ఛానల్‌కి కలిపాడు. ఆండీ జాన్స్ ఆ ఛానల్‌ని బద్దలయ్యేదాకా పెంచి, 1176 అనే కంప్రెసర్లని (ఇవీ లిమిటర్ లాగే శబ్దాన్ని అణిచేవి) రెండిటిని ఒకదాని తర్వాత ఒకటి తగిలించాడు. అదే రిఫ్‌ని (పదేపదే వచ్చే గిటార్ పలుకు) మూడుసార్లు వాయించి ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మధ్యలో ఒకటి పెట్టారు. ఆ గిటార్ల చుట్టూ గాలి అనేదే లేదు, అందుకే ముఖం మీదకొచ్చినట్టుంటాయి. పెద్ద డ్రమ్స్ పక్కన గిటార్లు కూడా పెద్ద గదిలో ఉంటే వినేవాళ్లకి కొలత దొరకదు. దగ్గరగా, పొడిగా ఏదో ఒకటి ఉంటేనే డ్రమ్స్ ఎంత పెద్దవో తెలుస్తుంది. మీ మిక్స్‌లో గిటార్‌కీ, గొంతుకీ, డ్రమ్స్‌కీ ఒకే రివర్బ్ వేసి ఉంటే ముందు గిటార్ మీదది తీసెయ్యండి. ఇవాళ్టికిది ఒక్కటి చేసినా తేడా వినిపిస్తుంది.

మిక్సింగ్ గురించి ఒక మాట. ఈ ఆల్బంని మొదట లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్‌లో మిక్స్ చేశారు. లండన్ తిరిగొచ్చి వింటే నచ్చలేదు. 'లెవీ బ్రేక్స్' మిక్స్ ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ మళ్లీ చేశారు. ఆల్బం 1971 నవంబర్ 8న వచ్చింది. ఒక గదిలో బాగున్న మిక్స్‌ని ఇంకో గదిలో వినకుండా నమ్మొద్దు.

మీకు మెట్ల దారి, ఎత్తైన హాలు ఏదీ దొరకదనుకుందాం. అప్పుడు ఆండీ అన్న గ్లిన్ జాన్స్ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతి చెయ్యండి. స్నేర్ మీద దాదాపు ఒక మీటరు ఎత్తులో ఒక మైక్, ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లతో నిలబడే డ్రమ్) పక్కన స్నేర్ వైపు చూస్తూ ఇంకొకటి, రెండూ స్నేర్ నడిమధ్య నుంచి సరిసమాన దూరంలో. కొలత టేపు కంటే దారంతో కొలవడం తేలిక: స్నేర్ మధ్యలో వేలితో నొక్కిపట్టి మొదటి మైక్ దాకా లాగి, అదే పొడవుని రెండో మైక్ వైపు తిప్పండి. బేస్ డ్రమ్‌కి ఒక మైక్ చాలు. చిన్న గదిలో దూరపు మైక్ కన్నా ఇది నిజాయితీగా ఉంటుంది.

దూరపు మైకులతో పాటు బేస్ డ్రమ్ దగ్గర ఒకటి పెట్టి కొద్దిగా కలపొచ్చు, నేనూ కలుపుతాను. శబ్దం 5 మీటర్లు వెళ్లడానికి దాదాపు 15 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి రెండు ట్రాకులూ తెర మీద పక్కపక్కన పెడితే ఒకటి వెనకబడి కనిపిస్తుంది. దాన్ని ముందుకి లాగి సరిచెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. గది ఎంత పెద్దదో చెవికి చెప్పేది ఆ ఆలస్యమే. పొలారిటీ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) మాత్రం నొక్కి చూసి, ఏది లావుగా వినిపిస్తే దాన్ని ఉంచుకోండి.

మైక్ కొనే విషయానికొస్తే, ఉన్న మైకులతో ఇదంతా చేసి చూశాక సింబల్స్ చెవిలో గుచ్చుకుంటున్నాయనిపిస్తే అప్పుడు రిబ్బన్ మైక్ గురించి ఆలోచించండి. రిబ్బన్ పై పౌనఃపున్యాలని మెత్తగా తీసుకుంటుంది, లిమిటర్ కింద కూడా సింబల్స్ కరుకుగా లేవవు. ఎం160 ఇప్పటికీ తయారవుతోంది. దాంట్లో రెండు రిబ్బన్లుంటాయి, హైపర్‌కార్డియాయిడ్ కాబట్టి ఎటు తిప్పితే అటే ప్రధానంగా వింటుంది. సిగ్నల్ తక్కువ, దాన్ని పెంచే ప్రీయాంప్ గట్టిదై ఉండాలి. మైక్ తగిలించేముందు ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు) ఆపేసి ఉందో లేదో చూసుకోండి. కేబుల్ సరిగా లేకపోతే ఆ కరెంటుకి రిబ్బన్ సాగిపోవచ్చు.

మీ గది పొడవు, వెడల్పు, కప్పు ఎత్తు, నేల మీద ఏముంది, గోడలు దేనితో కట్టారు అన్నవి కింద రాస్తే డ్రమ్స్ ఏ మూల పెట్టాలో, మైక్ ఎక్కడినుంచి మొదలుపెట్టి జరపాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.