సందేహాలు – సమాధానాలు: ఏడుస్తున్నవారికి ‘ధైర్యం’ చెప్పవచ్చునా?

సందేహం: తండ్రి పోయిన స్నేహితురాలిని పలకరించడానికి వెళ్లి ‘ధైర్యంగా ఉండు’ అన్నాను. అక్కడున్న పెద్దాయన ఒకరు, ‘ఆ అమ్మాయి భయపడటం లేదమ్మా, ఏడుస్తోంది. ధైర్యం చెప్పేది భయపడ్డవాళ్లకు కదా!’ అన్నారు. నేనన్నది తప్పా? ‘మనోధైర్యం’ అనాల్సిందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: తప్పు కాదమ్మా. ఆ పెద్దాయన వెనక వచ్చిన అర్థాన్ని పట్టుకుని ముందున్న అర్థాన్ని వదిలేశారు. ఆయన్నొక్కరినే అనడం దేనికి? పిల్లల చేత ‘ధైర్యం × పిరికితనం’ అని వల్లె వేయించి, ఆ మాటకు ఎదురు భయమొక్కటే అనిపించింది మనమే.

ధైర్యం ‘ధీర’ నుంచి వచ్చిన మాట. సంస్కృత నిఘంటువులు ధీర శబ్దాలు రెండు చూపుతాయి. ‘ధీ’ (బుద్ధి) కలవాడు ఒకడు. పట్టి నిలపడమనే ‘ధృ’ ధాతువుతో ముడిపడినవాడు ఇంకొకడు. మన ధైర్యం ఈ రెండోవాడి సొత్తేనని నా అభిప్రాయం. మనసు చెదరక నిలవడమే అది. భయం దాన్ని కదిలిస్తుంది, కోపం కదిలిస్తుంది. శోకమైతే పెళ్లగించేస్తుంది.

నమ్మకం కుదరకపోతే అయోధ్యకాండ 62వ సర్గ తీయండి. రాముడు అడవికి వెళ్లి అయిదు రాత్రులైంది. అంతకుముందే కౌసల్య దశరథుణ్ణి నిలదీసి నానా మాటలూ అంది. ఆయన చేతులు జోడించాడు. ఆమె ఏడుస్తూ ఆ జోడించిన చేతుల్ని తన తలమీద పెట్టుకుని, ‘నీవు ధర్మం తెలిసినవాడివనీ సత్యవాదివనీ ఎరుగుదును, పుత్రశోకంతో ఏదో అనేశాను’ అంటుంది. ఆ వెంటనే వస్తుంది ఈ మాట: ‘శోకో నాశయతే ధైర్యం, శోకో నాశయతే శ్రుతమ్’ (శోకం ధైర్యాన్ని నాశనం చేస్తుంది, విని నేర్చుకున్నదాన్నీ నాశనం చేస్తుంది). ధైర్యమంటే భయం లేకపోవడమే అయితే ఇక్కడ అన్వయం ఎలా కుదురుతుంది? కట్టుకున్న రాజును ముఖాన దులిపేసిన ఇల్లాలికి ఆ తెగువకేం తక్కువ? ఆమె పోగొట్టుకున్నది మనసు మీద పట్టు. ‘శ్రుతం’ తర్వాత రావడమూ గమనించండి. పట్టు పోతే, పెద్దల దగ్గర విని నేర్చుకున్నది అవసరానికి అందదు. భర్త సత్యవాది అని కౌసల్యకు తెలియక కాదు, ఆ క్షణాన ఆ తెలివిడి అక్కరకు రాలేదు. శత్రువు కొట్టిన దెబ్బనైనా ఓర్చుకోవచ్చు గానీ రవ్వంత శోకాన్ని ఓర్వలేమనీ, ఆ అయిదు రాత్రులూ తనకు అయిదేళ్లయ్యాయనీ కూడా చెప్పుకుంటుంది. శోకం మనసును ఏం చేస్తుందో ఇంతకంటే దగ్గరగా చూసి చెప్పినవారు నాకు కనిపించలేదు.

భార్య ఇందుమతి పోయినప్పుడు అజమహారాజు సహజమైన ధీరతను సైతం విడిచి ఏడ్చాడని రఘువంశం. కాలిస్తే ఇనుమే మెత్తబడుతుంది, ప్రాణుల మాట చెప్పాలా అన్నాడు కాళిదాసు.

తెలుగులో సాక్ష్యం మీ నోటికే వచ్చు: ‘లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె’. గజేంద్రుడిది శోకం కాదు, ఆర్తి. అయినా పోతన మాటల పొందిక చూడండి. లావు అంటే బలం. లావంటే ఒళ్లేనని ఇప్పటివాళ్లు అనుకుంటే పద్యం మొదట్లోనే అర్థం చెడుతుంది. బలం ‘లేదు’ అన్నాడు, ధైర్యం మాత్రం ‘విలోలం’ అయిందన్నాడు, అంటే ఊగిసలాడుతోందని. నిలకడగా ఉండాల్సినదాన్నే కదా ఊగింది అంటాం!

సాహసమనే అర్థం (‘ధైర్యం చేసి అడిగాడు’) నేడు ఎక్కువగా వినిపించేది. అదీ సరైనదే.

ఇక ‘మనోధైర్యం’. మనసుకు కాక ధైర్యం మరి దేనికుంటుంది? పత్రికల్లో రోజూ ఎవరో ఒకరు ఎవరికో ‘మనోధైర్యాన్ని నింపుతూనే’ ఉంటారు. నా చేయి ఆ మాట రాయదు. కానీ ధైర్యాన్ని తెగువకే కుదించేశాక, వేరు చేసి చెప్పడానికి జనం ‘మనో’ తగిలించుకున్నారేమో. కాబట్టి తప్పని కొట్టేయలేను. ‘దిటవు’ అనే చక్కని మాట ఉండగా దాని అవసరమేమిటని మాత్రం అడుగుతాను. దృఢానికి తద్భవమది. ‘గుండె దిటవు చేసుకో తల్లీ’ అని ఉంటే ఆ పెద్దాయనా అడ్డు చెప్పేవారు కాదు.