నీసు మానేస్తానన్న బిడ్డకు

తార్నాక,
దసరా ముందు ఆదివారం

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. అప్పటికప్పుడు జవాబు చెప్పబుద్ధి కాలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మెహదీపట్నంలో చికెన్ షాపు ముందు నిలబడ్డావు, కోసిన కోడిని డ్రమ్ములో పడేస్తే లోపల కొట్టుకున్న చప్పుడు విన్నావు, ఆ రోజు నుంచి ముక్క గొంతు దిగట్లేదు. ఇక నీసు ముట్టనన్నావు. "దసరా నాడు కూడానా?" అని అడిగిన మీ అమ్మ మూడు రోజులుగా నీతో ముభావంగా ఉంది. ఇప్పుడు పెద్దమ్మ ఏదో ఒకటి తేల్చాలి.

తినాలా మానాలా అన్నది నేను తేల్చను. అది నీ నోరు, నీ మనసు. కానీ ముప్పై మూడేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని. పైగా ఒకసారి మానేసి దెబ్బతిన్నదాన్ని. ఏది ఎంచుకున్నా నువ్వు దెబ్బతినకుండా ఉండాలని నా తపన.

ముందు నా సంగతి చెప్తాను, మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. నా ముప్పై నాలుగో ఏట మీ పెదనాన్నకు కామెర్లు ముదిరాయి. ఆయన లేచి తిరిగితే నీసు మానేస్తానని యాదగిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. ఆయన లేచాడు. నేను మాట మీద నిలబడ్డాను, ఆరేళ్ళు. కానీ ఆ ఆరేళ్ళు ఏం తిన్నాను? డ్యూటీ డబ్బాలో అన్నం, ఆలుగడ్డ వేపుడు, చింతకాయ తొక్కు. గుడ్డు కూడా మానేశాను. పాలు నాకు చిన్నప్పటి నుంచీ గిట్టవు, పెరుగన్నా అంతంతే. నాలుగో ఏడు దాటాక అరికాళ్ళలో చీమలు పాకినట్టు మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. నాలుక ఎర్రబడి మంట. రోజూ చూసే పేషెంటు పేరు నోటిదాకా వచ్చి పోయేది. షుగరేమో అనుకుని చూపించుకుంటే కాదు. చివరికి తేలిందేమంటే, రక్తంలో బీ12 అడుగంటింది.

ఆ విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో ఉంటుంది. పప్పుల్లో, కూరగాయల్లో, ఆకుకూరల్లో నమ్ముకోదగినంత దొరకదు. అదివరకు తిన్నది లివర్‌లో నిలవ ఉండి ఏళ్ళ తరబడి సరిపోతూ వస్తుంది. అందుకే మానేసిన మొదటి ఏడాది ఎవరైనా "నాకేం కాలేదు, ఒళ్ళు తేలికైంది" అంటారు. నేనూ అన్నాను. తర్వాత ఇంజెక్షన్లు పొడిపించుకున్నాను. తిమ్మిరి తగ్గడానికి ఏడాది పట్టింది. ఎడమ పాదం వేళ్ళలో అది ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

తప్పు మొక్కుది కాదమ్మా. కంచంలోంచి ఒకటి తీసేశాను, ఆ చోట ఇంకోటి పెట్టలేదు. వార్డులో కూడా ఇదే చూశాను. నీసు మానేశామని వచ్చినవాళ్ళను ఏం తింటున్నారని అడిగితే అన్నం, చారు, అప్పడం అనేవాళ్ళు. తీసేయడం ఒక్క పూట పని. ఆ చోటు నింపడం రోజూ చేయాల్సిన పని.

కాబట్టి లెక్క చూసుకుందాం. మా ఇంటికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయ వైద్య పరిశోధన మండలి, ఆ సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నువ్వు 55 కిలోలు అనుకుంటే 46 గ్రాములు. భయపడాల్సినంత పెద్ద అంకె కాదు. పొద్దున రెండు పెసరట్లు వేసుకో, 50 గ్రాముల పెసలు పడితే 12 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం పప్పులో నీ వాటాకు 30 గ్రాముల కందిపప్పు ఉంటే ఆరున్నర, కప్పు పెరుగుతో ఇంకో ఆరు. సాయంత్రం గుప్పెడు బబ్బెర గుడాలు, ఎండు బబ్బెర్లు 40 గ్రాములైతే తొమ్మిది. రాత్రి రెండు జొన్న రొట్టెలతో ఎనిమిది. అన్నంలో వచ్చేది కూడా ఉంటుంది. చూడు, 46 దాటిపోయింది. కానీ ఇందులోంచి గుడాలు, పెసరట్లు తీసేసి ఆ చోట ఇడ్లీ, మ్యాగీ పెట్టు, 46కు చేరనే చేరదు. నీ ఆఫీసు క్యాంటీన్లో వెజ్ అని పెట్టేవి ఎక్కువగా మైదా, ఆలుగడ్డ, ఒక పనీర్ ముక్క. వాటితో నడవదు.

అన్నం, పప్పు కలిపి తినమని మన పెద్దవాళ్ళు ఊరికే అలవాటు చేయలేదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్, అంటే మాంసకృత్తుల్లో ఒక భాగం, పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడింది బియ్యం, జొన్నలు ఇస్తాయి. అయితే మన కంచంలో అన్నం కొండంత, పప్పు చారెడు. ఆ కొలతే మార్చుకోవాలి.

ఐరన్ సంగతి ఇంకా జాగ్రత్త. అదే లెక్కలో మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాములు చాలంటే, నీ వయసు ఆడపిల్లలకు 29 కావాలి. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, వాళ్ళలో నీసు తినేవాళ్ళే ఎక్కువ, కాబట్టి ముక్క తిన్నంత మాత్రాన రక్తం పడుతుందని కూడా అనుకోకు. మాంసంలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. తోటకూర, శనగలు, నువ్వులు, రాగుల్లోది అంత తేలిగ్గా పట్టదు, దానికి విటమిన్ సి తోడు కావాలి. నిమ్మకాయ పిండుకో, జామకాయ తిను. గింజలు రాత్రంతా నానబెట్టు, మొలకలొస్తే మరీ మంచిది. నీకున్న ఆ అలవాటు, భోంచేసి లేవగానే ఇరానీ చాయ్ తాగడం, అది మానెయ్ తల్లీ. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. భోజనానికి, చాయ్‌కి మధ్య గంటైనా ఉండాలి. నీసు వదలడం కన్నా ఇదే నీకు కష్టం, నాకు తెలుసు.

ఇక బీ12. పాలు, పెరుగు రోజూ ఉంటే కొంత వస్తుంది. గుడ్డు తింటానంటే ఇంకొంత భరోసా. రెండూ వద్దనుకుంటే బిళ్ళ వేసుకోవడం తప్పదు, ఎంత మోతాదో డాక్టరును అడిగి వేసుకో. మొదలుపెట్టే ముందే ఒకసారి హిమోగ్లోబిన్, బీ12 చూపించుకో. ఏడాదికోసారి మళ్ళీ. అన్నట్టు, మీ అమ్మ ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మెట్ఫార్మిన్ షుగరు బిళ్ళ కూడా బీ12ను తగ్గిస్తుంది. తనను కూడా తీసుకెళ్ళు, మాటలు కలవడానికి అదొక దారి.

నీ మనసుకు తగిలిన దెబ్బ గురించి. కోడి చప్పుడు విని చలించావంటే అది బలహీనత కాదు, ఎవరేమన్నా సిగ్గుపడకు. మా నాయిన గొర్లు కాసేవాడు. తన చేత్తో పాలు పట్టి పెంచిన పొట్టేలును అమ్మేవాడు, పండక్కి కోయించేవాడు, కానీ ఆ రోజు ఆయన ముద్దలో ముక్క ఉండేది కాదు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళం కాదు. ఇతరుల గొర్రె అయితే తినేవాడు. అది సరైన లెక్కా కాదా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆయన తన మనసు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగాడు, అంతే అనిపించింది. నువ్వూ అలాగే ఆగొచ్చు. కోడి వద్దు, గుడ్డు చాలు అనొచ్చు. మొత్తం వద్దనొచ్చు. అయితే జాలితో మానేస్తున్నప్పుడు పాల సంగతి కూడా తెలుసుకుని నిర్ణయించుకో. గేదె ఈనితేనే పాలు, పుట్టింది దున్నపోతు దూడైతే దాని గతేంటో పాడి చేసే ఊరివాళ్ళను అడిగితే చెప్తారు. పాలు మానమని కాదు ఈ మాట. తెలియక మొదలుపెట్టినవాళ్ళు ఎప్పుడో తెలిసిన రోజున కుప్పకూలిపోతారు, అందుకని.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. నువ్వు మానేసినా, పక్కవాళ్ళ గిన్నె చూసి మొహం చిట్లించకు.

మా పెళ్ళైన కొత్తలో ఇదే సిటీలో ఇంటి కోసం తిరిగాం. "మీరేంటోళ్ళు? నీసు తింటారా?" అని అడిగేవాళ్ళు. మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పించుకోలేనివాళ్ళు రెండోదాంతో రాబట్టుకునేవాళ్ళు. తినమని అబద్ధం చెప్పి ఒక ఇంట్లో దిగాం. ఒక వానాకాలం రాత్రి మీ అన్నకు జ్వరం తగ్గి ఆకలంటే, కిటికీలు మూసి గుడ్డు పొరటు చేశాను. తెల్లారేసరికి ఇంటావిడ గుమ్మం ముందుంది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. పసివాణ్ణి ఎత్తుకుని సామాను రిక్షాలో వేసుకుని వెళ్ళిన ఆ పొద్దు నేను మర్చిపోలేదు. తర్వాత మొక్కు కోసం మానేసిన ఆరేళ్ళలో ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు, "మీరు చాలా పద్ధతిగా మారారు" అని. ఆ మెచ్చుకోలు ఇంటావిడ గద్దింపు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. అంటే అంతకు ముందు మేం పద్ధతి లేనివాళ్ళమా?

2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం మనదే. ఆ మందల మీద మీ తాతలాంటివాళ్ళు ఎందరో బతుకుతున్నారు. ఆషాఢంలో గోల్కొండలో మొదలై సికింద్రాబాద్, లాల్ దర్వాజా దాకా బోనాలు నడిస్తే ఇంటింటా యాట కూర వండేది ఆ తల్లి పేరు మీదే. నువ్వు నీ జాలి కోసం మానెయ్. మీ నానమ్మతో "పాపం" అన్న మాట మాత్రం అనకు. ఆమె బతుకంతా అందరికీ ముక్కలు వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో తిన్న మనిషి. నీ స్నేహితురాలు రంజాన్లో హలీం తినడానికి రమ్మంటే వెళ్ళు, ఖర్జూరం తిని కూర్చో.

మానేశాక మళ్ళీ తినాలనిపిస్తే అదీ ఓడిపోవడం కాదు. అప్పుడు ఎంత, ఎలా అన్నది చూసుకో. ఫోన్లో నొక్కితే వచ్చే బిర్యానీలో ముక్కలు నాలుగు, అన్నం, నూనె బోలెడు. వారానికి ఒకటి రెండు రోజులు ఇంట్లో వండిన చేపలో, చర్మం తీసిన నాటుకోడో చాలు. ఆదివారం పొద్దున్నే రాంనగర్ వెళ్తే నీ కళ్ళ ముందే కొర్రమీను శుభ్రం చేసిస్తారు. సాసేజీలు, సలామీల జోలికి పోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో అలా నిలవ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది.

ఇంకా ఊగిసలాటలో ఉంటే కార్తీకం ఒక నెల పరీక్షగా పెట్టుకో. ఆ నెలలో మన ఇళ్ళల్లో సగంమంది ఎలాగూ మానేస్తారు, నీతో ఎవరూ గొడవపడరు. ఆ ముప్పై రోజులూ వంట నువ్వే చేసుకో. అమ్మ వండింది వద్దనడం తేలిక, గుడాలు రాత్రే నానబెట్టడం గుర్తుంచుకోవడమే అసలు పరీక్ష. నెలాఖరుకు నీకే తెలుస్తుంది.

మిగిలింది దసరా. మీ అమ్మ యాట కూర వండుతుంది, అది ఆమె ఏడాదంతా ఎదురుచూసే వంట. "ముక్క వేసుకోకు, పులుసు వేసుకో" అంటుంది. పులుసు సంగతి, గంటె సంగతి అక్కడ కంచం ముందు తేల్చుకోవద్దు, ముందు రోజే ఫోన్ చేసి మెల్లగా చెప్పు. పొద్దున్నే వెళ్ళి ఉల్లిగడ్డలు కోసివ్వు, అల్లం తెల్లగడ్డ దంచివ్వు. జమ్మి పెట్టుకుని వచ్చాక అందరితో పాటే బంతిలో కూర్చో, లేచి వేరే గదిలోకి వెళ్ళకు. బగారా అన్నం, గుత్తొంకాయ, పచ్చిపులుసు ఎలాగూ ఉంటాయి.

నేనూ వస్తున్నాను. బబ్బెర్లు నానబెట్టుకుని తెస్తాను, గారెలు వేద్దాం, నూనె నువ్వు కొనిపెట్టు. రక్తపరీక్ష కాగితాలు మాత్రం మర్చిపోకుండా తీసుకురా, నీవీ, మీ అమ్మవీ.

మీ పెద్దమ్మ