బయానా ఇచ్చే ముందు ఒక వాన పడనీ

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

స్థలం బాగా నచ్చిందనీ, ఇంకెవరో కూడా అడుగుతున్నారనీ, అందుకే వచ్చే వారమే బయానా ఇచ్చేస్తాననీ రాశావు. ఆ ఇంకెవరో నేను కొన్నప్పుడూ ఉన్నాడు. ఇప్పటిదాకా నా కంటికి కనబడలేదు.

నేను స్థలం చూసింది మండు వేసవిలో. చదునుగా, గట్టిగా, ముచ్చటగా ఉంది. తీరా పునాదికి తవ్వితే పైన నాలుగడుగులు తోలిన మట్టి, దాని కింద ఇటుక ముక్కలు, చెత్త, ఇంకా కింద బురద. ఒకప్పుడు అక్కడ గుంట ఉండేదట. పక్కింటి పెద్దాయనకు ఆ సంగతి తెలుసు, నేనే అడగలేదు. గట్టి నేల తగిలేదాకా తవ్వి కట్టుకొచ్చేసరికి, పై అంతస్తుకని దాచిన డబ్బంతా నేలపాలైంది.

అందుకే వాన పడుతుండగా ఒకసారి అక్కడికి వెళ్లు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడు. ఆ వీధిలో గోడల మీద పాత నీటి చారలున్నాయేమో గమనించు. పాత శాటిలైట్ ఫొటోలు దొరికితే ఇంతకుముందు అక్కడేముందో తెలుస్తుంది. అమ్మేవాళ్లను ఒప్పించి మట్టి పరీక్ష కూడా చేయించు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే బంకమట్టి అని తేలినంత మాత్రాన వదిలేయక్కర్లేదు. కాకపోతే పునాదికి అయ్యే అదనపు ఖర్చు చూపించి ధర తగ్గించమని అడుగు.

డ్రైనేజీ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. మ్యాన్‌హోల్‌లో పైపు ఎంత లోతున ఉందో కనుక్కో. ఇంటి నుంచి అక్కడికి 40 అడుగుల పైపు వేస్తే అర అడుగు నుంచి అడుగు దాకా వాలు కావాలి. రోడ్డు మెరక, స్థలం పల్లం అయితే మురుగునీటిని కూడా మోటారు పెట్టి తోడుకోవాలి. ఆ టెన్షన్ మనకెందుకు?

ఇక కొలతలు. టేపు పట్టి పక్కలు 30, 40 అడుగులు వచ్చాయని సంతోషపడకు. మూల నుంచి మూలకూ కొలువు, 50 రావాలి. రాలేదంటే స్థలం మూలమట్టంలో లేదు, అంటే మూలలు సరిగ్గా 90 డిగ్రీలు లేవన్నమాట. ఒక మూల 60 డిగ్రీలే ఉందనుకో, పక్కలు అవే ఉన్నా 1,200 చదరపు అడుగులు కాస్తా 1,040కి పడిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా, నాలుగు వైపులా 5 అడుగులు వదలాలనే నిబంధన ఉంటే కట్టుకోవడానికి మిగిలేది 20 × 30, అంటే సరిగ్గా సగం. రోడ్డు వెడల్పు చేసే గీత ఆ స్థలం మీదుగా పోతోందేమో మాస్టర్ ప్లాన్‌లో చూసుకో.

కాగితాలు నువ్వు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయరుకే చూపించు, అమ్మేవాళ్లు తెచ్చిన లాయరుకు కాదు. జిరాక్సులు నమ్మొద్దు, రికార్డుల్లో ఉన్నదేమిటో తీయించు. తాకట్టు ఉందా, వారసులందరూ సంతకం పెడుతున్నారా, స్థలంలోకి వెళ్లే దారి అందరిదా లేక పక్కవాళ్లదా అన్నవి అతను తేల్చాలి.

నాన్నా, బయానా ఇవ్వక తప్పదనుకుంటే, మట్టిలోగానీ కాగితాల్లోగానీ తేడా వస్తే డబ్బు వెనక్కివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించు. వాళ్లు కుదరదంటే నాకు ఫోన్ చెయ్యి, నేనే వచ్చి మాట్లాడతాను. వచ్చేటప్పుడు గునపం కూడా తెస్తాను.

మీ పెదనాన్న